డిస్క్ నిండితే ముందు మీ ఫొటోల జోలికి వెళ్లకండి

డిస్క్ నిండిపోయిందని కంప్యూటర్ మొరాయించగానే చాలామంది మొదట పడేది తమ సొంత ఫైళ్ల మీదే. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, కాలేజీ రోజుల నుంచి దాచుకున్న పాటలు, పాత ఉద్యోగాల తాలూకు డాక్యుమెంట్లు అన్నీ ముందేసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కటీ తెరిచి చూసి, ఉంచాలా తీసేయాలా అని తేల్చుకోలేక, చివరికి మనసు చంపుకుని కొన్ని తీసేస్తారు. ఓ ఐదారు జీబీ ఖాళీ అవుతుంది. నెల తిరక్కుండానే మళ్లీ అదే ఎర్ర గీత, అదే టెన్షన్, మళ్లీ ఆ ఫొటోల మీదే వేటు.

ఈ పద్ధతి మొదట్లోనే తప్పు అంటాను నేను. పోతే తిరిగిరానివాటిని తీసేసి, ఎప్పుడంటే అప్పుడు మళ్లీ తయారయ్యేవాటిని భద్రంగా ఉంచుకుంటున్నాం. ఫొటోలు, వీడియోలు మనకు తెలిసిన ఫోల్డర్లలో కళ్లెదురుగా ఉంటాయి కాబట్టి బలయ్యేవి అవే. సాఫ్ట్‌వేర్లు తమ కోసం రాసుకునే క్యాష్‌లు (మళ్లీ త్వరగా తెరవడానికి దాచుకునే కాపీలు), లాగ్‌లు (జరిగిన పనుల చిట్టాలు), పాత అప్‌డేట్లలో మిగిలిపోయిన ఫైళ్లు మనం మామూలుగా తెరవని ఫోల్డర్లలో ఉంటాయి. వాటి పేర్లు చూస్తేనే ముట్టుకోవాలంటే భయమేస్తుంది. ఆ భయంలో అర్థం ఉంది, కొన్నింటిని నిజంగానే ముట్టుకోకూడదు. కానీ ఏవి ముట్టుకోవచ్చో, ఏవి కూడదో తెలుసుకోవడం అంత కష్టమేమీ కాదు. అది తెలియక ఎవరైనా తమ జ్ఞాపకాలను తామే చెరిపేసుకుంటుంటే చూడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

మా పిన్ని లాప్‌టాప్ విషయంలో సరిగ్గా ఇదే జరగబోయింది. నేను వెళ్లేసరికి తాతయ్య మాట్లాడిన వీడియోలన్నీ తెర మీద పరిచి కూర్చుంది ఆవిడ.

"వీటిల్లో కొన్ని తీసేయక తప్పదురా. లేకపోతే ఇది ముందుకు కదిలేట్టు లేదు" అంది.

"ఆగు పిన్నీ, ఒక్కటి కూడా తీయకు. ఏది ఎంత తింటోందో ముందు చూద్దాం" అన్నాను.

చూస్తే, ఆవిడ ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపినా డిస్కులో ఏడో వంతు కూడా లేవు. మామూలుగా కనిపించని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ లోపల ఒకే ఒక్క లాగ్ ఫైలు 40 జీబీ దాటిపోయి ఉంది. అంత పెద్ద ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోదు. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో చివరి కొన్ని వరుసలు మాత్రం చూపించమని అడిగాను. ప్రింటర్ దొరకలేదు, మళ్లీ ప్రయత్నిస్తున్నాను, ఆ కింద ఒక పేజీడు సాంకేతిక వివరాలు. మరుక్షణం మళ్లీ అదే మాట, అదే పేజీ. సమయం ఒక్కటే మారుతోంది. పాడైపోయిందని ఎప్పుడో వదిలించుకున్న ప్రింటర్ అది. దాని సాఫ్ట్‌వేర్ మాత్రం లాప్‌టాప్‌లోనే ఉండిపోయి, లాప్‌టాప్ ఆన్‌లో ఉన్నంతసేపూ లేని ప్రింటర్ కోసం వెతుకుతూ, దొరకలేదని రాసుకుంటూ పోయింది. ఆ ఫైలును తీసేద్దామంటే వాడుకలో ఉందని విండోస్ ఒప్పుకోలేదు. ముందు ఆ ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాకే అది పోయింది. ప్రోగ్రామ్‌ను అలాగే ఉంచి ఎలాగోలా ఫైలొక్కటే తీసేసి ఉంటే, మర్నాటి నుంచి కొత్త లాగ్ మొదలయ్యేది.

కాబట్టి ఏదైనా తీసే ముందు కొలవాలి. ఈ మాట నేను పదే పదే చెప్తాను, ఎందుకంటే అందరూ దాటేసే మెట్టు ఇదే. డిస్కును కొలిచి బొమ్మగా చూపించే పద్ధతి పుట్టింది కూడా సరిగ్గా ఈ బాధలోంచే. 1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ నడిపే ప్రయోగశాలలో 80 ఎంబీ హార్డ్ డిస్క్ ఒకటి ఉండేది. దాన్ని 14 మంది పంచుకునేవారు. అది నిండిపోతే ఎవరి ఫైళ్లు, ఎక్కడ, ఎంత చోటు ఆక్రమించాయో తేలేది కాదు. ఆయన దాని గురించే ఆలోచించి ఆలోచించి, మొత్తం డిస్కును ఒక దీర్ఘచతురస్రంగా గీసి, అందులో ప్రతి ఫోల్డర్‌కూ దాని సైజుకు తగ్గ గడి, ఆ గడిలో ప్రతి ఫైలుకూ మళ్లీ చిన్న గడి ఇచ్చే పద్ధతి కనిపెట్టాడు. దాన్నే ట్రీమ్యాప్ అంటారు. ఈరోజు షేర్ మార్కెట్ రంగుల పటాల నుంచి బడ్జెట్ లెక్కల దాకా అన్నిచోట్లా కనిపించే ఆ గడుల బొమ్మకు మూలం, ఎవరో ఒకరి డిస్క్ నిండిపోవడమే. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం. నిండిన డిస్క్ ముందు కూర్చుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏది తీసేద్దామని కాదు, చోటు ఎక్కడికి పోయిందని.

విండోస్‌లో విన్‌డర్‌స్టాట్, మ్యాక్‌లో గ్రాండ్‌పర్‌స్పెక్టివ్ ఇదే బొమ్మను చూపిస్తాయి, రెండూ ఉచితమే. విజ్‌ట్రీ అనేది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్కులో ఫైళ్ల పట్టికను నేరుగా చదివేస్తుంది కాబట్టి పెద్ద డిస్కును కూడా క్షణాల్లో కొలుస్తుంది. లినక్స్‌లో టెర్మినల్ అలవాటున్నవాళ్లకు ఎన్‌సీడీయూ చాలు. ఏది వాడినా అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడపండి. లేకపోతే మీకు అనుమతి లేని ఫోల్డర్లను అది లెక్కలోకి తీసుకోదు, అసలు దోషి అక్కడే ఉండొచ్చు.

ఇక ముఖ్యమైన సంగతి. నిండిన డిస్క్ వేరు, నిండుతూ ఉన్న డిస్క్ వేరు. మొదటిది ఒకసారి సర్దుకుంటే తీరిపోయే పని. రెండోదానిలో ఏదో ఒక ప్రోగ్రామ్ ఆగకుండా రాస్తోందన్నమాట. దాన్ని పట్టుకోకుండా ఎన్ని జీబీలు ఖాళీ చేసినా అవి దానికే మేత. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ రాసే ప్రతి అక్షరమూ డిస్కులో లెక్క చెప్తుంది. ఈరోజు పెద్ద ఫోల్డర్ల సైజులు ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగు రోజులాగి మళ్లీ చూడండి. పెరిగిన ఫోల్డర్ ఏదో తెలిసిపోతుంది. అంతవరకూ ఆగలేకపోతే విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్ చూడండి. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలులో ఎంత వేగంగా రాస్తోందో అప్పటికప్పుడే కనిపిస్తుంది. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో ఐఓటాప్ దాదాపు ఇదే పని చేస్తాయి.

విండోస్ 7 రోజుల నాటి ఒక బగ్ ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. అప్‌డేట్ల పనంతా సీబీఎస్ లాగ్ అనే ఫైలులో రాసేవారు. అది పెరిగాక పేరు మార్చి, క్యాబ్ ఫైలుగా కుదించడం సిస్టమ్ అలవాటు. కుదించే ప్రోగ్రామేమో 2 జీబీ దాటిన ఫైలును కుదించలేదు. ఎప్పుడైనా లాగ్ ఆ హద్దు దాటిందంటే కుదింపు మధ్యలోనే ఆగిపోయి, సగం తయారైన ఫైలు ఒకటి తాత్కాలిక ఫైళ్లుండే విండోస్ టెంప్ ఫోల్డర్‌లో మిగిలిపోయేది. కొంతసేపటికి సిస్టమ్ మళ్లీ ప్రయత్నించేది, ఇంకో సగం ఫైలు. అలా డిస్క్ అంచుదాకా నిండేది. జనం టెంప్ ఫోల్డర్ ఖాళీ చేసుకునేవారు, అది మళ్లీ నిండేది. నివారణ అసలు టెంప్ ఫోల్డర్‌లో లేదు. వేరే ఫోల్డర్‌లో కూర్చున్న ఆ ఒక్క 2 జీబీ లాగ్‌ను తీసేస్తే మొత్తం ఆగిపోయేది. చోటు తింటున్న ఫైళ్లు ఒకచోట, వాటిని పుట్టిస్తున్న కారణం ఇంకోచోట. టెంప్ ఫైళ్లు తుడిచెయ్యండి అనే సలహా దగ్గరే ఆగిపోయేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

విండోస్ తన కోసం తాను అట్టిపెట్టుకునేవి కొన్ని ఉంటాయి. హైబర్నేషన్ ఫైలు వాటిలో పెద్దది. తెరిచి ఉన్న పనిని అలాగే ఉంచి కంప్యూటర్ ఆపేయడాన్ని హైబర్నేట్ అంటారు. అప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో దాచడానికి అది ముందే చోటు పట్టుకుని ఉంచుతుంది, మామూలుగా ర్యామ్ సైజులో 40 శాతం దాకా. 32 జీబీ ర్యామ్ ఉంటే దాదాపు 13 జీబీ అక్కడే పోయింది. మీరు హైబర్నేట్ వాడకపోతే దాన్ని ఆపేయొచ్చు, దాంతోపాటు కంప్యూటర్ త్వరగా మొదలయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్న కంప్యూటర్‌లో ఆ తేడా నాకైతే పెద్దగా తెలియలేదు. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, వెనక్కి వెళ్లాలనుకుంటే వెళ్లడానికి. పది రోజులకు అది తనంతట తానే పోతుంది, తొందరుంటే సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీ నుంచి తీసేయొచ్చు. అదే పేజీలో టిక్కులు పెట్టేటప్పుడు డౌన్‌లోడ్స్ అనే పేరు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. అందులో ఉన్నవి మీ ఫైళ్లు.

ముట్టుకోకూడనివాటిలో మొదటిది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్. ఇది విండోస్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, సైజు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. చోటంతా ఇదే తింటోందని ఎంతోమంది దాని మీద పడి సిస్టమ్ పాడుచేసుకున్నారు. నిజానికి అందులోని ఫైళ్లలో చాలావాటికి హార్డ్ లింకులు ఉంటాయి. డిస్కులో ఉన్న ఒకే ఫైలు విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో ఒక పేరుతో, విండోస్ ముఖ్యమైన ఫైళ్లుండే సిస్టమ్ 32 ఫోల్డర్‌లో ఇంకో పేరుతో కనిపిస్తుంది. ఇంట్లో ఒకే మనిషిని అసలు పేరుతో ఒకసారి, ముద్దుపేరుతో ఒకసారి లెక్కపెడితే ఇద్దరున్నట్టు తేలుతుంది, ఎక్స్‌ప్లోరర్ చేసే లెక్క అలాంటిది. దాని అసలు సైజు ఎంతో, శుభ్రం చేయాల్సిన అవసరం ఉందో లేదో విండోస్‌లోనే ఉన్న డిస్మ్ అనే సాధనం చెప్తుంది, పాత అప్‌డేట్ల మిగుళ్లను సురక్షితంగా తీసేయడం కూడా దానికే వచ్చు. చేత్తో ఒక్క ఫైలు కూడా తీయకండి. విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ కూడా అంతే. అందులోవి పోతే ప్రోగ్రామ్‌లను అప్‌డేట్ చేయడం, అన్‌ఇన్‌స్టాల్ చేయడం కూడా కుదరకపోవచ్చు.

ఇంకో చికాకు ఉంది. ఫైలు తీసేస్తారు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తారు, అయినా చోటు పెరగదు. మనవాళ్లు కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని బెంగపడేది ఇక్కడే. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచి పట్టుకుని ఉండగా మీరు దాన్ని తీసేస్తే, పోయేది పేరు మాత్రమే. ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా లోపలి డేటా డిస్కులో అలాగే ఉంటుంది. అందుకే చోటును కొలిచే రెండు ఆదేశాల్లో డీఎఫ్ డిస్క్ నిండిందంటుంది, డీయూ ఏమో అంత లేదంటుంది. రెండూ నిజమే చెప్తున్నాయి, ఒకటి డిస్కును లెక్కపెడుతోంది, రెండోది పేర్లున్న ఫైళ్లను లెక్కపెడుతోంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రోగ్రామ్ ఏదో కనిపెట్టి రీస్టార్ట్ చేస్తే చోటు వెంటనే వస్తుంది. సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది అర్ధరాత్రి ఎదురయ్యే సమస్య, దీని గురించి ముందే తెలిసి ఉండాలి. మ్యాక్‌లో కారణం వేరు. మ్యాక్ డిస్కులో ఫైళ్లను అమర్చడానికి 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలో స్నాప్‌షాట్లు ఉంటాయి, అంటే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో గుర్తుంచుకునే నకళ్లు. మ్యాక్‌లోని బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ వాడేవాళ్లకు అది గంటకోటి చొప్పున తీసి, 24 గంటల దాకా ఉంచుతుంది. మీరు ఇప్పుడు తీసేసిన ఫైలు నిన్నటి స్నాప్‌షాట్‌లో ఉందంటే, ఆ స్నాప్‌షాట్ పోయేదాకా చోటు రాదు. కంగారుపడి ఇంకో నాలుగు ఫైళ్లు తీసేయకుండా ఒక రోజు ఆగితే సరిపోతుంది. విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ వాడే ప్రోగ్రామర్లకూ ఇలాంటిదే ఉంది. దాని వర్చువల్ డిస్క్ ఫైలు లోపల డేటా పెరిగితే తానూ పెరుగుతుంది, లోపల తీసేసినంత మాత్రాన మామూలుగా తగ్గదు. దాన్ని విడిగా కుదించుకోవాలి.

క్లీనర్ ప్రోగ్రామ్‌లు వేసుకోండి అనే సలహాకు నేను పూర్తిగా వ్యతిరేకిని. బ్రౌజర్ క్యాష్‌ను తీసేసి ఇన్ని జీబీ మిగిల్చామని చూపిస్తాయి, నాలుగు రోజులు నెట్ వాడితే ఆ క్యాష్ మళ్లీ వస్తుంది, ఈలోగా సైట్లు నెమ్మదిగా తెరుచుకుంటాయి. విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేయడం వల్ల కలిసొచ్చే చోటు లెక్కలోకి రాదు, పాడయ్యే ప్రమాదం మాత్రం ఉంది. పైగా అలాంటి ప్రోగ్రామ్‌కు మనం కంప్యూటర్ మొత్తం మీద హక్కులిస్తున్నాం. 2017లో అందరూ నమ్మే సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోనే దాడిచేసినవాళ్లు మాల్‌వేర్ చొప్పించారు, అది దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరింది. సిస్టమ్‌తో వచ్చే సాధనాలు అవసరమైన పనులు చేస్తున్నప్పుడు బయటివాటికి తాళాలివ్వడం దేనికి?

నా అసలు కోపం మాత్రం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల మీద. డిస్కులో రాసే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు మొదటి రోజు నుంచే ఉండాలి. ఇది కుదరని కోరికేమీ కాదు. చాలా లినక్స్ సిస్టమ్‌లలో లాగ్‌లు చూసుకునే జర్నల్‌డీ, ఎవరూ ఏమీ మార్చకపోయినా, డిస్కులో 10 శాతం లేదా 4 జీబీ, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోదు. నిండితే పాతవి తీసేసి కొత్తవి రాస్తుంది. దీని పక్కనే, ప్రోగ్రామ్‌లను కంటెయినర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్‌ను చూడండి. మామూలు సెట్టింగ్‌లతో నడిపితే కంటెయినర్ లాగ్‌కు హద్దే లేదు, మనం గుర్తుపెట్టుకుని పెట్టాలి. గుర్తులేనివాళ్ల సర్వర్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఒకే రకం పని, ఇద్దరు రాశారు, ఒకరు వాడేవాళ్ల డిస్కును తమది కాదని గుర్తుపెట్టుకున్నారు. అలాగే ప్రోగ్రామ్‌ను తీసేస్తే అది రాసుకున్నవీ పోవాలి, ఉంచాలంటే అడగాలి. అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లు దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో నాలుగైదు జీబీలు వదిలి వెళ్లడం అనేది మరిచిపోవడం కిందికి రాదు, నిర్లక్ష్యం కిందికే వస్తుంది.

ఇంత తంటాలెందుకు, పెద్ద డిస్క్ కొనుక్కుంటే పోలేదా అనేవాళ్లున్నారు. మీ సొంత డేటాతోనే డిస్క్ నిండితే నిజంగా కొనుక్కోవాల్సిందే. ఐఫోన్‌లో 4కే వీడియో 60 ఫ్రేముల వేగంతో తీస్తే నిమిషానికి దాదాపు 400 ఎంబీ, అంటే ఆ 14 మంది పంచుకున్న డిస్కులు ఐదు కావాలి ఒక్క నిమిషానికి. దాన్ని ఏ సర్దుబాటుతోనూ తగ్గించలేం. కానీ హద్దు లేకుండా రాసే ప్రోగ్రామ్‌కు పెద్ద డిస్క్ ఇస్తే అది నిండే తేదీ వాయిదా పడుతుంది, అంతే. కొన్ని లాప్‌టాప్‌లలో ఇప్పుడు డిస్క్ మదర్‌బోర్డుకే అతికించి వస్తోంది, మార్చడానికి కుదరదు. కొనేటప్పుడు ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. తయారీదారులు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. అందుకే 256 జీబీ అని కొన్నది 238గా కనిపిస్తుంది. ఎవరూ దొంగిలించలేదు.

కొత్త డిస్కయినా పాతదైనా అంచుదాకా నింపకండి. ఎస్‌ఎస్‌డీలో రాసి ఉన్న చోట నేరుగా తిరగరాయడం కుదరదు, ముందు ఒక పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి. అందులో ఇంకా పనికొచ్చే డేటా ఉంటే దాన్ని వేరేచోటికి మార్చాలి. ఖాళీ బ్లాకులు తక్కువైతే ఈ తరలింపు పెరిగి, ఒక చిన్న ఫైలు రాయడానికి కూడా డిస్క్ ఎన్నో రెట్లు కష్టపడుతుంది. వేగం పడిపోతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. పది, పదిహేను శాతం ఖాళీ ఉంచడం నా అలవాటు.

ఫొటోలు బయటి డిస్కులోకి మార్చాలనుకుంటే ఒక్క డిస్కులోకి మార్చి ఇక్కడ తీసేయకండి. అప్పుడు ఉన్నది ఒక్కటే కాపీ, ఆ డిస్క్ కింద పడితే అదీ లేదు. రెండు చోట్ల పెట్టి, రెండింటిలోనూ కొన్ని తెరిచి చూసి, ఆ తర్వాతే ఇక్కడివి తీయండి. క్లౌడ్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఫైలును డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, మీ ఫోన్‌లోనూ పోతుంది. వన్‌డ్రైవ్‌లో అయితే ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ అనేది ఎంచుకోండి, క్లౌడ్‌లో కాపీ ఉండి ఇక్కడి చోటు మాత్రమే ఖాళీ అవుతుంది. ఐక్లౌడ్‌లో రిమూవ్ డౌన్‌లోడ్ అనేది ఇదే పని చేస్తుంది. పొరపాటున డిలీట్ నొక్కేసి ఉంటే కంగారుపడకుండా ఆ క్లౌడ్ సైటులోని రీసైకిల్ బిన్ చూడండి. కొన్ని రోజుల దాకా అక్కడే ఉంటుంది, గడువు దాటితే మాత్రం పోతుంది కాబట్టి ఆ రోజే చూడండి.